కాపు అయిపోయిన టమాటా తోట ఎలా తీసేశాం: గోదావరి లంకలో ఒక 60 సెంట్ల కేసు

మన వైపు టమాటా వేసేవాళ్ళు నారు కొన్న రోజు నుంచి మొదటి కోత దాకా ఫోన్లు చేస్తూనే ఉంటారండి, ఆకు ముడిచిందనీ, పూత రాలుతుందనీ, ఏ మందు కొట్టమంటారనీ. మార్చి దాటి కాపు పల్చబడ్డాక మాత్రం ఒక్క ఫోనూ రాదు. తోట అలా నిలబడే ఉంటది, కూలి గిట్టదని కాయ కొయ్యరు, పచ్చగా ఉంది కదాని పీకడానికి మనసొప్పదు, మేకలు తిన్నంత తిని, ఎండినంత ఎండి, జూన్‌లో ట్రాక్టర్ దిగేదాకా అదే కథ. నారు నర్సరీ నడుపుతూ పొలాలు తిరిగేవాణ్ణి కాబట్టి నాకు కనబడేది ఏంటంటే, మళ్ళీ ఏడు నా దగ్గరికొచ్చే కంప్లైంట్లలో చాలావాటికి మూలం ఈ రెండు నెలల్లోనే ఉంటది. అందుకని ఒక పొలం సంగతి మొత్తం రాస్తున్నాను, ఏం చూశాం, ఏం పీకాం, ఏది కాల్చాం, ఏది ఎరువులో వేశాం, తరవాత ఏమైంది అన్నీ.

పొలం ధవళేశ్వరం ఆనకట్టకి దిగువన, గోదావరి పాయల మధ్య లంకలో ఉంది. 60 సెంట్లు. పైన కాస్త ఒండ్రు, కింద తవ్వితే ఇసకే. నీళ్ళకి ఫిల్టర్ పాయింటు, అంటే ఇసకలోకి దింపిన చిన్న బోరు, డ్రిప్పు వేసుకున్నారు. కౌలు చేను. రైతుని నేను బాబాయ్ అంటాను, రెండిళ్ళ మధ్యా రాకపోకలున్నాయి. వరద తీసి నేల ఆరాక అక్టోబర్లో నారు, నవంబర్లో నాట్లు, హైబ్రిడ్ రకం, సరుగుడు కర్రలు పాతి పురికొస కట్టిన తోట. జనవరి ఆఖరు నుంచి కోతలు పడ్డాయి, ఫిబ్రవరి అంతా బానే కాసింది. ఉత్తరం పక్కన వేరేవాళ్ళ మిరప, తూర్పున లంక పొగాకు, పడమర ఏటి వైపు నేల పల్లంగా దిగుద్ది. ఈ ఇరుగుపొరుగు చాలా ముఖ్యం, ఎందుకంటే మిరప, పొగాకు, వంగ, టమాటా అన్నీ ఒకే కుటుంబం, ఒకదాని జబ్బులు ఇంకోదానికి చుట్టాల్లా వచ్చి పోతుంటాయి.

నేను వెళ్ళింది ఏప్రిల్ మొదట్లో. పై కొమ్మల్లో పూత ఉంది కానీ ముట్టుకుంటే రాలిపోతుంది, పిందె లేదు. పండినవి కూడా ఎరుపెక్కట్లేదు, పసుపు నారింజ మధ్యలో ఆగిపోయి మెత్తబడిపోతున్నాయి. ఉత్తరం పక్క వరసల్లో ఆకుముడత ఎక్కువగా ఉంది, మధ్యలో మొక్కలు పాలిపోయి మధ్యాన్నం వాడి సాయంత్రానికి లేస్తున్నాయి, పల్లం వైపు కొన్ని మాత్రం ఆకు పచ్చగా ఉండగానే నిలువునా వాడి మళ్ళీ లేవలేదు. రైతు సేవా కేంద్రంలో అడిగితే సీజన్ అయిపోయింది పీకెయ్యమన్నారంట, అది కరెక్టే కానీ పీకి ఏం చెయ్యాలో అడిగే ఓపిక బాబాయ్‌కి లేదు, చెప్పే తీరిక వాళ్ళకీ ఉండి ఉండదు.

బాబాయ్ దగ్గర మూడు ప్లాన్లున్నాయి. ఒకటి, తలలు కత్తిరించి డ్రిప్పులో యూరియా వదిలి మళ్ళీ కాపు తీద్దామని. "మే నెలలో రేటుంటది కదరా అబ్బాయ్" అంటాడు. రెండు, కాపు రాకపోతే తోట గేదెలకి మేతగా వదిలేద్దామని. మూడు, బోదెలూ డ్రిప్పు పైపులూ ఎలాగూ ఉన్నాయి కాబట్టి మొక్క మొదట్లోకి నరికేసి అదే బోదెల మీద బెండ గింజలు పెట్టేద్దామని. మూడూ అందరూ చేసేవే, వినడానికి బానే ఉంటాయి. ఈ పొలంలో మూడూ పనికిరావు, కారణాలు వేరువేరు.

కత్తిరించి రెండో కాపు తియ్యడం అనేది ఉత్త మాట కాదండి, అది నిజంగా అయ్యే పనే, కానీ మొక్క ఆరోగ్యంగా ఉండాలి, రాత్రి చల్లగా ఉండాలి. టమాటా పూత నిలబడాలంటే పగలు 35 డిగ్రీలు దాటకూడదు, అంతకంటే ముఖ్యం రాత్రి 21-24 కంటే కిందికి దిగాలి. మనకి ఏప్రిల్, మే నెలల్లో రాత్రిళ్ళు పాతిక దాటే ఉంటది, ఫ్యాన్ కింద మనకే నిద్ర పట్టదు, ఇంక పుప్పొడి ఏం బతుకుద్ది. పూత వస్తది, రాలుద్ది, మళ్ళీ వస్తది, రాలుద్ది. ఒకవేళ పిందె కట్టినా వేడి 30 దాటిందంటే కాయలో ఎర్ర రంగు సరిగ్గా తయారవదు, బజార్లో ఆ పసుపు కాయని చూసి పక్కన పడేస్తారు. మే నెలలో మన మార్కెట్లో కనబడే ఎర్రటి కాయ మదనపల్లె వైపుది, ఆ ఊరు సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంటది కాబట్టి అక్కడ వేసవిలో పండుద్ది. సముద్రమట్టానికి ఆనుకునున్న లంకలో కూర్చుని దాంతో పోటీ పడతానంటే అవదు. యూరియా మాత్రం పని చేసుద్ది, లేత ఆకు తెగ పుట్టిస్తది, ఆ లేత ఆకు కోసం తెల్లదోమ ఊరంతా పిలుచుకొస్తది. ఇదంతా చెప్తే బాబాయ్ "ఆయ్" అన్నాడు కానీ మొహం చూస్తే ఒప్పుకున్నట్టు లేదు. అప్పుడు వేర్లు చూద్దాం అన్నాను.

ఈ కేసులో అసలు పని ఇదే. పార తీసుకుని చేనులో నాలుగైదు చోట్ల, బాగున్న మొక్క ఒకటి, ముడతది ఒకటి, పాలిపోయింది ఒకటి, వాడింది ఒకటి, వేరు తెగకుండా మట్టితో సహా ఎత్తి బకెట్టు నీళ్ళలో ముంచి కడిగాం. లాగి పీకితే సన్నవేర్లు నేల్లోనే ఉండిపోతాయి, మనకి కావాల్సినవి అవే, కాబట్టి తవ్వాల్సిందే. తూర్పు పక్క మొక్కకి వేరు తెల్లగా, పీచుపీచుగా, శుభ్రంగా ఉంది. ముడత మొక్కదీ అంతే, పైన ఆకు ముడుచుకుపోయి మొక్క గిడసబారిపోయింది కానీ కింద వేరుకి ఏ రోగమూ లేదు. మధ్యలో పాలిపోయిన మొక్కని కడిగేసరికి పిన్ని గారు "ఇదేంట్రా ఇది" అని దగ్గరికొచ్చారు. సన్న వేర్లు దాదాపు లేవు, ఉన్న వేరంతా పచ్చి అల్లం కొమ్ములా ముడులు ముడులుగా ఉబ్బిపోయి ఉంది. అది వేరుముడి నులిపురుగు, నెమటోడ్ అంటాం. గోరుతో ఆ ముడిని గిల్లితే ఊడిరాదు, వేరే ఉబ్బింది కాబట్టి. మినుము, పెసర వేళ్ళ మీద మంచి బుడిపెలుంటాయి చూడండి, అవి వేరు పక్కన అంటుకునుంటాయి, రుద్దితే రాలిపోతాయి. తేడా తెలియక పెసర వేరు చూసి భయపడేవాళ్ళూ ఉన్నారు, టమాటా వేరు చూసి మంచిదే అనుకునేవాళ్ళూ ఉన్నారు.

నాలుగోది పల్లంలో వాడిపోయిన మొక్క. దాని కాండం అడుగు నుంచి బెత్తెడు ముక్క కోసి, మంచినీళ్ళు పోసిన గాజుగ్లాసులో కోసిన చివర నీళ్ళకి తగిలేలా పట్టుకుని కదపకుండా ఉన్నాం. కాసేపటికి ఆ కోత నుంచి తెల్లగా పొగలా ఒక తీగ కిందికి దిగింది. వెలుతురుకి అడ్డంగా పెడితే ఇంకా బాగా కనబడుద్ది. అది బాక్టీరియా ఎండు తెగులు. శిలీంధ్రం వల్ల వచ్చే ఎండు తెగులైతే ఇలా తెల్లగా కారదు. ల్యాబు అక్కర్లేదు, రూపాయి ఖర్చు లేదు, దీనికి మాత్రం ప్రతి టమాటా రైతూ ఒకసారి టైం పెట్టాలి.

నాలుగు మొక్కలూ గట్టు మీద వరసగా పెట్టుకుంటే ఇంక ఏం చెయ్యాలో దాదాపు వాటంతటవే చెప్తాయి. ఆకుముడత వైరస్ బతికున్న మొక్కలోనే ఉంటది, ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి తెల్లదోమ మోసుకెళ్ళాలి, మొక్క గలగలా ఎండిపోయిందంటే ఆ వైరస్ కథ అక్కడితో సరి, మట్టిలో మిగలదు. అంటే ముడత తోట నిలబడున్నన్నాళ్ళే ప్రమాదం. నులిపురుగు, బాక్టీరియా సంగతి దీనికి పూర్తిగా తిరగేసినట్టుంటది, అసలు ప్రమాదం పైన ఆకులో కాదు, మొక్క చచ్చినా కింద వేరులో, మట్టిలో అవి బతికే ఉంటాయి, బాక్టీరియా అయితే ఏళ్ళ తరబడి ఉంటది. మనవాళ్ళు చేసేది సరిగ్గా దీనికి వ్యతిరేకం, ముడత తోటని పచ్చగా నిలబెడతారు, ఎండు తెగులు తోటని మొదట్లోకి నరికి వేరు నేల్లో వదిలేస్తారు. పైన చెత్త కనబడకపోతే చేను శుభ్రం అయినట్టే లెక్క మనకి!

బెండ ప్లాన్ ఎందుకు పోయిందో కూడా ఇక్కడే తెలుస్తది. వేరుముడి నులిపురుగుకి టమాటా తరవాత బాగా ఇష్టమైన వాటిల్లో బెండ ఒకటి. గుడ్ల సంచి ఒక్కోదాంట్లో వందల గుడ్లుంటాయి, మన వేడికి నెల లోపే ఒక తరం తిరిగిపోద్ది, మార్చి ఆఖర్లో కాపు అయిన తోట వేర్లు జూన్ దాకా నేల్లో ఉంచితే రెండు తరాలు అదనంగా పెంచినట్టే, దాని మీద బెండ కూడా పెడితే విందు పొడిగించినట్టే. ఇసక నేల దానికి మరీ అనుకూలం. పెసర, మినుము కూడా వాటికి మేతే కాబట్టి ఆ మధ్య మడిలో అవీ వద్దన్నాను. నువ్వులైతే నయం.

పని మొదలెట్టింది కాయలతో. తోట పీకాక కాయ ఏరుదాం అనుకుంటే తొక్కుళ్ళలో సగం పోద్ది. రంగు తిరిగిన ప్రతి కాయా కోసి, నీడలో వరిగడ్డి పరిచి ఒకే వరసగా పేర్చాం, ఎండలో పెడితే పండవు, ఉడుకుతాయి. పచ్చికాయల్లో ఏది పండుద్ది ఏది పండదు అనేదానికి ఒక చిన్న గుర్తుంది, ఒక కాయని అడ్డంగా కోసి చూడండి, లోపల జిగురు కట్టి గింజ కత్తికి తెగకుండా పక్కకి జారిందంటే అది ముదిరిన కాయ, ఆ సైజు కాయలన్నీ నీడలో పెడితే రంగుకొస్తాయి. గింజ తెగిందంటే అది ఇంక పండదు, పచ్చడికే. మా పిన్ని గారు పచ్చి టమాటా, పచ్చిమిరపకాయ నూనెలో మగ్గబెట్టి వేపిన నువ్వులు వేసి రుబ్బే పచ్చడి తిన్నాక పండు టమాటా పచ్చడి గుర్తుకే రాదు, అది వేరే సంగతి. మిగిలిన పచ్చికాయ ఊళ్ళో కర్రీ పాయింట్ వాళ్ళకి వెళ్ళింది, రేటు పెద్దగా రాలేదు, కోసిన కూలీ వచ్చింది. పుచ్చిపోయిన కాయల్ని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు, గట్టు మీద పారెయ్యనూ లేదు. తొడిమ దగ్గర సన్న బెజ్జం ఉన్నవి టూటా అనే, ఆకూ కాయా తొలిచే చిన్న పురుగువి, అది 2014లో మన దేశంలో మొదటిసారి మహారాష్ట్రలో కనబడి తరవాత దక్షిణాదంతా పాకింది. వీటిని మందపాటి ప్లాస్టిక్ సంచుల్లో మూతి కట్టి ఎండలో పడేశాం, లోపలున్నవన్నీ ఉడికి చచ్చాక గొయ్యి తీసి పూడ్చేశాం.

ఆ తరవాత వెంటనే పీకడం కాదు. ఉత్తరం వరసల్లో ముడత మొక్కని కదిపితే తెల్లటి దుమ్ములా దోమ లేస్తుంది. తోట మొత్తం ఒక్కరోజున పీకేస్తే ఆ దోమంతా ఎక్కడికెళ్తది? పక్క మిరపలోకే, ఒంట్లో వైరస్ పెట్టుకుని మరీ. అందుకని ముందు సాయంత్రం పూట వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బు ద్రావణం కలిపి ఆకు అడుగు తడిసేలా కొట్టించాం, మర్నాడు తెల్లారకుండానే, దోమ ఇంకా మందకొడిగా ఉన్నప్పుడు, పీకుడు మొదలెట్టాం. ఇది మన చేను కోసం చేసింది కాదండి, పక్కోడి చేను కోసం. కానీ పక్కోడి మిరపలో ముడత ముదిరితే అది మళ్ళీ నవంబర్లో మన నారు మీదికే వస్తది.

పీకే వరస కూడా చెప్పి రాయించుకున్నాను. ముందు తూర్పు పక్క శుభ్రమైన వరసలు, తరవాత ఉత్తరం ముడతవి, తరవాత మధ్యలో నులిపురుగువి, అన్నిటికంటే ఆఖర్న పల్లం. తిరగేసి చేస్తే పల్లం మట్టి కాళ్ళకీ పారలకీ అంటుకుని చేనంతా తిరుగుద్ది. పల్లంలో పని అయ్యాక పారలు, కత్తులు కడిగి బ్లీచింగ్ నీళ్ళలో ముంచాం. మొక్కల్ని ఈడ్చుకుపోకుండా బరకం మీద వేసి ఎత్తుకుపోయారు.

ఇంకోటి, చుట్ట. లంకల్లో పనికొచ్చేవాళ్ళలో పెద్దవాళ్ళు చుట్ట కాలుస్తారు, తప్పు పట్టట్లేదు, పొగాకు పండే ఊళ్ళో అది లేకుండా ఎలా. కానీ మొజాయిక్ వైరస్ అనేది ఎండిన పొగాకులో కూడా బతికే ఉంటది, చుట్ట చుట్టిన చేత్తో మొక్కని ముట్టుకుంటే ఎక్కేస్తది. ముడత వైరస్‌కీ దీనికీ ఇదే పెద్ద తేడా, ఇది ఎండు చెత్తలోనూ ఉంటది, దీనికి దోమ కూడా అక్కర్లేదు, చెయ్యి చాలు. ఆకు మీద లేతపచ్చ, ముదురుపచ్చ మచ్చలు మచ్చలుగా ఉన్న మొక్కలు కొన్ని కనబడితే వాటిని ముడతవాటిల్లో కలపకుండా కాల్చేవాటిల్లో పడేశాం. తోట తీసేసే రోజున చెయ్యి కడుక్కోకపోయినా కొంపేం మునగదు గానీ, నారు నాటే రోజున మాత్రం సబ్బు పెట్టి కడుక్కుని దిగమని అప్పుడే చెప్పాను. "మరి నోట్లో పెట్టుకుంటే పర్లేదా బాబూ" అని ఒక పెద్దాయన నవ్వాడు.

కుప్పలు మూడు. శుభ్రమైనవీ, ముడతవీ ఒక కుప్ప, ముందు గట్టు మీద పరిచి పట్టుకుంటే విరిగేదాకా ఎండబెట్టాం, ఆ ఎండకి ఎన్నో రోజులు పట్టలేదు, ఎండాక ముక్కలు చేసి వరిగడ్డి, పేడ పొరలు పొరలుగా వేసి నీళ్ళు చల్లి నడుమెత్తు పేర్చాం. ఆకుమాడు తెగులు మచ్చలు ఏ టమాటా తోటలో ఉండవు చెప్పండి, ఆ శిలీంధ్రం ఎండు ఆకుల మీద మళ్ళీ ఏడు దాకా ఉంటది, కాబట్టి కుప్ప వేడెక్కాల్సిందే. లోపల 55 డిగ్రీలు దాటి కనీసం మూడు రోజులుండాలి, తరవాత తిరగేసి పక్కలున్నది లోపలికి వెయ్యాలి, మళ్ళీ వేడెక్కాలి. థర్మామీటర్ లేకపోతే ఇనుప ఊచ గుచ్చి కాసేపాగి తీసి చూడండి, చేత్తో పట్టుకుని ఉండలేకపోతే కుప్ప పనిచేస్తున్నట్టు. మన ఇళ్ళ వెనకాల పెంటకుప్ప ఎప్పుడూ వేడెక్కదు, అందులో తెగులు మొక్క వేస్తే దాచిపెట్టుకున్నట్టే.

రెండో కుప్ప నులిపురుగు మొక్కలు. వీటిని మొదట్లో కోసి పై భాగం మొదటి కుప్పలోకి పంపేశాం, వేరు మాత్రం వేరే. పీకగా మిగిలిన సన్నవేర్లు కూడా పార పెట్టి తవ్వించి ఏరించాం, ఈ ఒక్క పనికి కూలీలు విసుక్కున్నారు, నిజమే, చాలా విసుగు పని. వేర్లని పట్టా మీద ఎండబెట్టి కాల్చేశాం. మూడో కుప్ప పల్లం మొక్కలు, వేరు కాండం ఆకు అన్నీ కలిపి, ఎక్కడ పీకామో అక్కడే కాల్చాం, చేను దాటనివ్వలేదు. తోటంతా కాల్చెయ్యడం నాకిష్టం ఉండదు, అంత ఆకు ఎరువుని పొగ చేసుకోవడం దేనికి, కానీ ఈ రెండిటికీ వేరే దారి చూపించలేను. పురికొస మాత్రం కుప్పల్లోకి పోకుండా ముందే విప్పించి గోనెలో వేశాం, ప్లాస్టిక్ కదా, ఎరువులో పడితే చేనంతా అదే.

గేదెల సంగతి. టమాటా ఆకులో కాండంలో టొమాటిన్ లాంటి చేదు విషాలుంటాయి, ఒక గుప్పెడు నమిలితే గేదెకి ఏమీ కాకపోవచ్చు, కానీ వేసవిలో పచ్చిమేత లేనప్పుడు ఆకలి మీద తోటలోకి వదిలితే కడుపునిండా తినేస్తది. దాని పైన సీజనంతా కొట్టిన మందులుంటాయి. పాలు మనింట్లో పిల్లలే తాగుతారు. బాబాయ్ దీనికి మాత్రం వెంటనే ఒప్పుకున్నాడు.

ఇంక నేల. నేను మధ్య మడికి ప్లాస్టిక్ షీటు కప్పి ఎండపెట్టాలన్నాను, అప్పుడొచ్చింది అసలు పేచీ. "కౌలు చేనుకి షీటేంట్రా, మళ్ళీ ఏడు ఎవరు చేస్తారో ఏంటో" అన్నాడు బాబాయ్. ఆయన తప్పేం లేదు, లంకల్లో కౌళ్ళు నోటిమాట మీదే నడుస్తాయి, ఏటా రేటు ఎవరు పెంచితే వాళ్ళది, నేల బాగు చేసినవాడికి ఆ నేల దక్కుద్దన్న నమ్మకం లేదు, అందుకే నేల జబ్బులు ఇలా పేరుకుపోతున్నాయి, మందుల కంపెనీల కంటే దీన్నే నేను ఎక్కువ తిట్టుకుంటాను. ఆ ముడులు కట్టిన వేర్లు కొన్ని సంచిలో వేసుకుని ఇద్దరం ఆసామి గారింటికెళ్ళాం. అరుగు మీద పెట్టి, పక్కన మంచి వేరు పెట్టి చూపిస్తే ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. ఇది ఇలాగే ఉంటే రేపు మీరు అరటి వేసుకున్నా దాని వేర్లకీ ఎక్కుద్దండి అన్నాను, అది నిజమే, అరటికీ వస్తది. షీటు ఖర్చు సగం ఆయన పెట్టుకునేటట్టు, ఇంకో రెండేళ్ళు అదే రేటుకి కౌలు ఉంచేటట్టు మాటైంది. కాయితం రాయలేదు, అది ఆయన రాయరు.

షీటు సగం మడికే సరిపడా తెచ్చాం, ఖర్చు చూసుకోవాలి కదా. పెళ్ళలు లేకుండా దున్ని చదును చేసి, ఫిల్టర్ పాయింటు నీళ్ళతో నేల బాగా తడిపి, పదునుండగానే తెల్లటి పారదర్శక షీటు, 25 మైక్రాన్లది అంటే 100 గేజ్, నేలకి అతుక్కునేలా పరిచి అంచులు చుట్టూ మట్టిలో పూడ్చాం. చాలామంది నల్ల షీటు వేస్తారు, నల్లది వేడిని తనే తాగేస్తది, కింద నేలకి అంత అందదు. తెల్లదైతే పైన రెండు అంగుళాల మట్టి 50 డిగ్రీల దాకా వెళ్తది, తడి ఉండబట్టి వేడి లోపలికి దిగుద్ది, పొడినేల మీద కప్పితే ఉపయోగం తక్కువ. కాలవ కింద చేసేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి, వేసవిలో కాలవలు కట్టేశాక నేల తడపడానికి నీళ్ళుండవు, ఆ లోపే తడిపి కప్పెయ్యాలి. ఏప్రిల్ మూడోవారం నుంచి మే ఆఖరు దాకా ఉంచాం. మధ్యలో ఈదురుగాలి ఒక మూల లేపేసింది, కుక్కలు తొక్కి బెజ్జాలు చేశాయి, టేపు అంటిస్తూ ఉండాల్సి వచ్చింది. మిగతా చేను పదిహేను రోజులకోసారి లోతుగా దున్ని వదిలేశారు, ఎండ నేల్లోకి దిగుద్ది, నేల్లో నిద్రపోయే కాయతొలిచే పురుగు ప్యూపాలు పైకొస్తాయి, ట్రాక్టరు వెనకాల కొంగలూ గోరింకలూ క్యూ కట్టాయి. పల్లం మాత్రం ట్రాక్టరు ఆఖర్న దున్ని, చక్రాలు అక్కడే కడుక్కుని బయటికొచ్చింది.

ఇదంతా జూన్‌లోపు అయిపోవాలని ఎందుకు పట్టుబట్టానంటే జులై వస్తే లంక మనది కాదు. ధవళేశ్వరం దగ్గర గోదావరి మట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి వరద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంక పల్లాల్లో చాలాచోట్ల రెండో హెచ్చరిక వచ్చేలోపే నీళ్ళుంటాయి, 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు ఏ గట్టు ఎవరిదో కూడా తెలియలేదు. గట్టు మీద పారేసిన ఎండు తెగులు మొక్కలు ఆ నీళ్ళలో తేలి దిగువ చేలకి పోతాయి. వరద వచ్చి ముంచుద్ది కదా, నులిపురుగు అదే చస్తది అంటారు కొందరు, వరి చేలో నెలల తరబడి నీళ్ళు నిలిస్తే తగ్గే మాట నిజమే, వరద నాలుగురోజులుండి తీసేస్తే దానికేం కాదు.

తరవాత సీజన్‌లో ఏం వేశామంటే, తూర్పు, ఉత్తరం భాగంలోనూ షీటు కప్పిన సగం మడిలోనూ టమాటా, షీటు కప్పని సగంలో బంతి, పల్లంలో మొక్కజొన్న. అసలైతే టమాటా మొత్తం మార్చాలి, కౌలు కట్టాలి కాబట్టి అది కుదరలేదు. బంతి వేరు నుంచి వచ్చే పదార్థం నులిపురుగుని చంపుద్ది, దానికి మొక్క కనీసం రెండు నెలలు నేల్లో నిండుగా ఉండాలి, అక్కడోటి ఇక్కడోటి గట్టు మీద వేస్తే సరిపోదు. పైగా కడియపులంక పూల మార్కెట్ పక్కనే ఉంది, సంక్రాంతికి పువ్వు పోయింది. ఫిబ్రవరిలో షీటు మడిలో మొక్కలు తవ్వి చూస్తే పైవేర్లు శుభ్రంగా ఉన్నాయి, అడుగు లోతు దాటిన వేర్లకి అక్కడక్కడా చిన్న ముడులు కట్టాయి. వేడి లోతుకి దిగదు, పురుగు ఇసకలో లోపలికి పోద్ది, కాబట్టి షీటుతో పూర్తిగా పోద్దని ఎవరైనా చెప్తే నమ్మకండి. కాపు మాత్రం మధ్యలో ఆగకుండా మార్చి దాకా నడిచింది. ఆకుముడత ఆ ఏడూ వచ్చింది, పక్కన మిరపా, కొట్టేసిన పొగాకు మోళ్ళకి చిగుళ్ళూ ఉన్నంతకాలం వస్తది, కానీ పిందె దిగాక వచ్చింది కాబట్టి దెబ్బ తక్కువ పడింది. పల్లంలో మొక్కజొన్న బానే వచ్చింది, అక్కడ టమాటా, వంగ, మిరప ఇంకో రెండేళ్ళైనా వద్దన్నాను, తరవాత కూడా గ్లాసు పరీక్ష చేసుకుంటూ కొన్ని మొక్కలు పెట్టి చూడాల్సిందే.

కర్రల గురించి చాలామంది అడుగుతారు. సరుగుడు కర్రలకి ముందు మట్టి కడిగి, ఆ తరవాత బ్లీచింగ్ నీళ్ళలో అరగంట ముంచి ఎండలో నిలబెట్టాలి, మట్టితోనే ముంచితే బ్లీచింగ్ ఆ మట్టి మీదే అయిపోద్ది. పల్లం కర్రలు పొయ్యిలోకి పోయాయి. డ్రిప్పు పైపులు చివర మూతలు తీసి నీళ్ళు గట్టిగా వదిలి కడిగి, చుట్టలు చుట్టి అటక మీద పెట్టారు, కింద పెడితే ఎలుకలు కొరుకుతాయి. విత్తనం దాచుకుంటానన్నాడు బాబాయ్, హైబ్రిడ్ గింజ దాస్తే మళ్ళీ ఏడు ఒక్కో మొక్క ఒక్కో రకంగా వస్తది, వద్దన్నాను. నాటు రకమైతే బాగా పండిన కాయ గుజ్జు రెండు మూడు రోజులు పులవబెట్టి, కడిగి, నీడలో ఆరబెట్టుకోవచ్చు, తెగులు లేని మొక్క నుంచే.

మిద్దె మీద కుండీల్లో పెంచేవాళ్ళకీ ఇదే, చిన్న సైజులో. మీకు ఒక లాభం ఉంది, మొక్క బాగుంటే షేడ్ నెట్ కింద పెట్టి కత్తిరించి చూడొచ్చు, పోతే ఒక కుండీ పోద్ది. కాపు అయిపోతే కుండీ బోర్లించి వేరు కడిగి చూడండి. ముడులు లేకపోతే మట్టిలో పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపి తోటకూరో గోంగూరో వేసుకోండి, మళ్ళీ టమాటా, వంగ, మిరప మాత్రం ఆ కుండీలో వద్దు. ముడులుంటే మట్టి తడిపి పారదర్శకంగా ఉండే తెల్లటి పాలిథిన్ సంచిలో పల్చగా నింపి మూతి కట్టి మే నెల ఎండలో మిద్దె మీద పరిచెయ్యండి, పొలంలో కంటే మీకే బాగా పనిచేస్తది, గచ్చు కింద నుంచి కూడా కాలుద్ది కాబట్టి లోతు సమస్య ఉండదు, వారానికోసారి సంచి తిరగేస్తే చాలు.